టీవీ నెట్‌వర్క్ చేతులు మారితే: లోగో కంటే ముందు మారేవి

చెన్నై ఎంఆర్‌సీ నగర్‌లో, సముద్రానికి దగ్గరలో మురసొలి మారన్ టవర్స్ అనే భవనం ఉంది. సన్ టీవీ నెట్‌వర్క్ ప్రధాన కార్యాలయం అదే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో రాత్రి భోజనాల వేళ జెమినీ టీవీ పెట్టుకునేవాళ్ళలో చాలామందికి ఆ ఛానెల్ చెన్నై కంపెనీదన్న సంగతి గుర్తుండదు. ఆ మాటకొస్తే హైదరాబాద్ పేరుతో ఐపీఎల్ ఆడే సన్‌రైజర్స్ కూడా ఆ కంపెనీ జట్టే.

ఇంకో తమాషా ఉంది. ఆ భవనం నుంచి గంట ప్రయాణంలో, వ్యాసర్పాడిలోనో కొరుక్కుపేటలోనో రోజూ జెమినీ చూసే తెలుగు కుటుంబం ఆ ఛానెల్ వ్యాపార లెక్కల్లో దాదాపు లేనట్టే. తెలుగు ఛానెళ్ళ రేటింగులను ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి ఒక మార్కెట్‌గా తీసుకుని చెబుతారు. ప్రకటనల రేట్లు ఆ అంకెలను బట్టే ఉంటాయి. చెన్నైలో చూసింది తమిళనాడు ఖాతాలో పడుతుంది, అక్కడ తమిళ ఛానెళ్ళ హోరులో కలిసిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఇంతమంది ఉండి కూడా, కొట్టు మన వీధిలోనే ఉన్నా చిట్టాలో మన పేరు లేని ఖాతాదారుల్లాగా ఉంది వీళ్ళ పరిస్థితి. పెద్ద నెట్‌వర్క్ ఏదైనా చేతులు మారినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇలా అంచున నిలబడి చూడటం మంచిదే. నడిమధ్యలో ఉన్నవాళ్ళకు ఆలస్యంగా తగిలేవి అంచున ఉన్నవాళ్ళకు ముందు తగులుతాయి.

నెట్‌వర్క్ అమ్ముతున్నారన్న వార్త రాగానే ఇళ్ళలో వినిపించే ప్రశ్నలు రెండే. మన సీరియల్ ఆపేస్తారా? ఛానెల్ పేరు మార్చేస్తారా? నిజానికి ఈ రెండూ చివర్న జరిగేవి. మా టీవీ ప్రసార వ్యాపారాన్ని స్టార్ ఇండియా కొంటున్నట్టు 2015లో ప్రకటన వచ్చింది. తెర మీద స్టార్ మా అన్న పేరు మాత్రం వెంటనే రాలేదు. ఈటీవీ కన్నడ సంగతి ఇంకా స్పష్టం. రామోజీ గ్రూపు ప్రాంతీయ ఛానెళ్ళను నెట్‌వర్క్18 వైపు మళ్ళించే ఒప్పందం 2012లో బయటికొచ్చింది, లావాదేవీ 2014లో ముగిసింది, బెంగళూరు ఇళ్ళలో అది కలర్స్ కన్నడగా మారింది 2015లో. ప్రకటనకూ పేరు మార్పుకూ మధ్య మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళలో ఏమీ జరగలేదా అంటే, అసలు జరగాల్సినవన్నీ అప్పుడే జరిగాయి.

కొనేవాడు కొనేది ఏమిటి

ఛానెల్ అనగానే స్టూడియో, కెమెరాలు, మేడ మీద పెద్ద డిష్ గుర్తొస్తాయి. మొత్తం ధరలో వీటి వాటా తక్కువ. కొనేవాడి కన్ను వేరే వాటి మీద ఉంటుంది.

మొదటిది అనుమతి. ఉపగ్రహానికి సిగ్నల్ పంపడానికీ, దాన్ని దేశంలో దించడానికీ కేంద్ర సమాచార ప్రసార శాఖ అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ అనుమతులు ఇస్తుంది. ఇంటి స్థలంలాగా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి వీటిని ఇంకొకరి పేరు మీదికి రాయించడం కుదరదు, శాఖ ముందస్తు ఆమోదం ఉండాలి. అందుకే చాలా అమ్మకాల్లో ఛానెల్‌ని కాకుండా ఛానెల్ ఉన్న కంపెనీ వాటాలనే అమ్ముతారు. అనుమతి ఉన్న కంపెనీ పేరు అలాగే ఉంటుంది, కంపెనీ వెనుక మనుషులు మారతారు.

రెండోది సినిమాల గిడ్డంగి. ఒకప్పుడు దక్షిణాదిలో శాటిలైట్ హక్కులను 99 ఏళ్ళకు రాసిచ్చేయడం మామూలు. ఛానెళ్ళు కొత్తగా వచ్చిన 1990ల్లో, వడ్డీలు కట్టలేక సతమతమవుతున్న నిర్మాతలకు అది ఊరికే వచ్చిన డబ్బులా కనిపించేది. ఆ సినిమాలు పండక్కీ పబ్బానికీ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, ఆ ఒప్పందాల మీద సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయినా సరే. కొత్త సినిమాల హక్కులు ఇప్పుడు కొన్నేళ్ళకే ఇస్తున్నారు, వాటిని మళ్ళీ మళ్ళీ కొనాలి. పాత గిడ్డంగి అలా కాదు, ఒకసారి కొంటే మూడు తరాలకు సరిపోయే ధాన్యం. సన్ గ్రూపు 2017లో మొదలుపెట్టిన సన్ నెక్స్ట్ యాప్‌కు మొదటి రోజు నుంచే అన్నేసి దక్షిణాది సినిమాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే ఇక్కడి నుంచే. కాబట్టి ఇలాంటి నెట్‌వర్క్‌ను కొనేవాడు ఛానెల్ కోసం ఎంత కొంటాడో, తన యాప్‌లో లేని పాత సినిమాల కోసం అంతే కొంటాడు.

మూడోది పేరు. చెన్నైలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. విజయ్ టీవీ మొదలైనప్పుడు దాని పేరు గోల్డెన్ ఈగిల్ కమ్యూనికేషన్, పొట్టిగా జీఈసీ. దాన్ని విజయ్ మాల్యా గ్రూపు కొని తన పేరు పెట్టింది. అక్కడి నుంచి యూటీవీకి, 2001లో స్టార్‌కు, 2019లో స్టార్‌తో పాటు డిస్నీకి, 2024లో రిలయన్స్ నియంత్రణలోని ఉమ్మడి కంపెనీకి వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా మాల్యా పెట్టిన పేరు మాత్రం పోలేదు. జనం నోట్లో నలిగిన పేరును చెరపడం అంటే డబ్బు పారబోసుకోవడమే అని కొన్న ప్రతివాడికీ తెలుసు. మా టీవీ విషయంలోనూ "మా"ను వదల్లేదు, ముందు "స్టార్" తగిలించారు, అంతే.

కాగితాల మీద ముందే జరిగే అమ్మకం

స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలో ఎవరైనా 25 శాతం వాటా చేరుకుంటే, మిగతా వాటాదారుల నుంచి ఇంకో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. సన్ టీవీలో ప్రమోటరు, అంటే కంపెనీని నడిపే ప్రధాన యజమాని, కళానిధి మారన్ వాటా 75 శాతం. ప్రమోటరు దగ్గర అంతకు మించి ఉండకూడదు కనుక అది సరిగ్గా గీత మీద ఉన్న అంకె. అలాంటి కంపెనీలో ప్రమోటరు వాటా మొత్తం ఎవరైనా కొంటే, బయట మిగిలినదే 25 శాతం కనుక మిగతావాళ్ళందరికీ ఆఫర్ ఇచ్చినట్టే. అందరూ అమ్మేస్తే మళ్ళీ ఏడాదిలోగా 75కి దించుకోవాలి. చిన్న వాటాదారుకు మంచి ధర దొరికే సందర్భం అదొక్కటే, అందుకే అమ్మకం పుకారు వచ్చినప్పుడల్లా షేరు ధర ఎగిరిపడుతుంది.

ఎన్‌డీటీవీ కథ దీనికి ఇంకో వైపు. 2009లో వ్యవస్థాపకుల హోల్డింగ్ కంపెనీ ఆర్ఆర్‌పీఆర్ రూ.403.85 కోట్లు అప్పు తీసుకుంది. అప్పిచ్చిన వీసీపీఎల్ అనే కంపెనీకి వారంట్లు ఇచ్చింది, అంటే కావాలనుకున్నప్పుడు అప్పును వాటాగా మార్చుకునే హక్కు. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన కంపెనీని కొని, హక్కు వాడుకుంది. దాంతో ఎన్‌డీటీవీలో 29.18 శాతం పరోక్షంగా చేతికొచ్చింది, ఓపెన్ ఆఫర్ తప్పనిసరైంది, ఏడాది ముగిసేలోపు వ్యవస్థాపకులు తమకు మిగిలిన వాటాలో ఎక్కువ భాగం అమ్మేశారు. చూసేవాళ్ళకు తెలిసింది 2022లో. తాళం చెవి ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది మాత్రం పదమూడేళ్ళ ముందు. ఏ నెట్‌వర్క్ భవిష్యత్తునైనా అంచనా వేయాలంటే తెర మీద యాంకర్ల కంటే బ్యాలెన్స్ షీటులో అప్పుల వివరాలే ఎక్కువ చెబుతాయి.

ఇక పోటీ సంగతి చూసే కాంపిటీషన్ కమిషన్. రిలయన్స్ వయాకామ్18, డిస్నీ స్టార్ కలయికకు 2024 ఆగస్టు 28న ఈ కమిషన్ షరతులతో ఒప్పుకుంది. నవంబర్ 14న లావాదేవీ పూర్తయింది. ఉమ్మడి కంపెనీ విలువ రూ.70,352 కోట్లని ప్రకటించారు. కమిషన్ ఆందోళనలో పెద్ద భాగం క్రికెట్ ప్రకటనల మీదే. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ టీవీ హక్కులకు స్టార్ రూ.23,575 కోట్లు పెట్టింది, డిజిటల్ హక్కులను పోటీపడి వయాకామ్18 దక్కించుకుంది. మూడేళ్ళు తిరక్కుండానే రెండూ ఒక ఇంట్లోకి వచ్చాయి. పెళ్ళి విందుకు రెండు వంటవాళ్ళను వేర్వేరుగా మాట్లాడుకుంటే, తీరా చూసేసరికి ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు మనుషులని తేలినట్టు. బేరం ఆడే చోటు ఇక లేదు.

తెలుగుకు వచ్చేసరికి ఒక సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నెట్‌వర్క్18తో జరిగిన పాత ఒప్పందంలో తెలుగు ఈటీవీని పూర్తిగా అమ్మలేదు, 24.5 శాతం వాటా మాత్రం ఇచ్చారు. నెట్‌వర్క్18 రిలయన్స్ గ్రూపుది. ఇప్పుడు స్టార్ మా నియంత్రణ కూడా ఆ గ్రూపు దగ్గరికే వెళ్ళింది. పోటీలో ఉన్నట్టు కనిపించే నాలుగు పెద్ద తెలుగు వినోద ఛానెళ్ళలో ఒకదాని మీద పూర్తి పట్టు, ఇంకోదానిలో నాలుగో వంతు వాటా ఒకే చోట ఉన్నాయి. ఇందులో చట్ట విరుద్ధం ఏమీ లేదు. కానీ ఇంకో నెట్‌వర్క్ అమ్మకానికి వస్తే కొనగలిగే స్థోమత ఎవరికుంది అని లెక్కేస్తే వేళ్ళ మీద సరిపోతుంది, అందులోనూ కొందరికి కమిషన్ అభ్యంతరం అడ్డం.

స్లాట్ ఎవరిది, సీరియల్ ఎవరిది

అమ్మకం ప్రభావం అన్నిటికంటే లోతుగా తగిలేది సీరియల్ నిర్మాతలకు. ఇది అర్థం కావాలంటే చెన్నై పద్ధతికీ ముంబై పద్ధతికీ తేడా తెలియాలి.

సన్ గ్రూపు చాలా ఏళ్ళు నడిపింది స్లాట్ పద్ధతి. నిర్మాత ఛానెల్‌కు అరగంట స్లాటుకు రుసుము కడతాడు. బదులుగా ఆ అరగంటలో కొన్ని నిమిషాల ప్రకటన సమయం అతనిది. తన మనుషులతో ప్రకటనలు తెచ్చుకుంటాడు, సీరియల్ ఆడితే లాభం అతనిదే, ఆడకపోతే నష్టమూ అతనిదే. అన్నిటికీ మించి సీరియల్ హక్కు అతని దగ్గరే ఉంటుంది. రాధిక గారి రాడాన్ లాంటి సంస్థలు చెన్నైలో పెరిగింది ఈ పద్ధతిలోనే. వారి తమిళ సీరియల్ "చిత్తి" తెలుగులోకి "పిన్ని"గా డబ్ అయి జెమినీలో రావడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

స్టార్, జీ లాంటి ముంబై నెట్‌వర్క్‌లది కమిషన్డ్ పద్ధతి. ఎపిసోడుకు ఇంత అని ఛానెలే డబ్బిస్తుంది, ప్రకటనలు తనే అమ్ముకుంటుంది, కథ మీదా పాత్రల మీదా హక్కు తనే ఉంచుకుంటుంది. నిర్మాతకు రిస్కు తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది. కానీ అతను అప్పటి నుంచి వ్యాపారి కాదు, మేస్త్రీ. ఇల్లు కట్టి తాళం ఇచ్చేసి వెళ్ళిపోవాలి. చెన్నైలో కూడా గాలి కొన్నేళ్ళుగా ఇటువైపే మళ్ళింది. నెట్‌వర్క్ పూర్తిగా ముంబై పద్ధతి తెలిసిన యజమాని చేతికి వెళితే ఆ మార్పు మొత్తం ఒక్క ఆర్థిక సంవత్సరంలో పూర్తవుతుంది.

హక్కు నెట్‌వర్క్ దగ్గర ఉంటే ఏం చేయగలదో చూడాలంటే స్టార్ మా సీరియళ్ళే చాలు. మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన "కరుత్తముత్తు" తెలుగులో 2017లో "కార్తీక దీపం" అయింది, తమిళంలో విజయ్ టీవీలో "భారతి కన్నమ్మ" అయింది. మలయాళంలో నల్లని అమ్మాయిగా చేసిన ప్రేమి విశ్వనాథే తెలుగులో వంటలక్క. బెంగాలీలో స్టార్ జల్సా కోసం రాసిన "శ్రీమయి" తెలుగులో "ఇంటింటి గృహలక్ష్మి", తమిళంలో "బాకియలక్ష్మి", హిందీలో "అనుపమ". ఇవన్నీ ఒకే నెట్‌వర్క్ ఛానెళ్ళలో వచ్చినవే. ఒక భాషలో నాటిన మొక్కకు అంటు కట్టి ఆరు రాష్ట్రాల్లో కాపు తీయడం లాంటి పని ఇది. నెట్‌వర్క్‌కు చవక, ఆడుతుందన్న నమ్మకం ఎక్కువ.

దీన్ని పూర్తిగా చెడు అనలేం. ఆ కథల్లో కొన్ని బాగా ఆడాయి, తెలుగు ఇళ్ళలోకి కేరళ, బెంగాల్ కథలను తెచ్చాయి. కానీ తెలుగులో రాసి, తెలుగు ఊళ్ళ నుంచి కథ ఎత్తుకుని, ఒక రచయిత మొదటి ఎపిసోడ్ నుంచి తనే అల్లుకునే స్లాట్లు తగ్గాయి. రీమేక్ రాసే మనిషికి చేతిలో ముందే మరో భాష స్క్రిప్టు ఉంటుంది. మాటలు రాసినందుకు డబ్బు వస్తుంది కానీ కథ అతనిది కాదు. ఈ నష్టం ఏ రేటింగులోనూ కనపడదు కనుక దీని గురించి ఎవరూ ధర్నా చేయరు.

బిల్లులో ఓ వరుస

ఇప్పుడు మళ్ళీ కొరుక్కుపేట ఇంటికి. అమ్మకం అక్కడ మొదట తగిలేది కేబుల్ బిల్లులో.

చెన్నైవాళ్ళకు ఈ విషయంలో అనుభవం ఎక్కువ. పే ఛానెల్ కావాలంటే ఇంట్లో బాక్స్ పెట్టుకోవాల్సిందే అన్న సీఏఎస్ పద్ధతి 2003 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఒకే ఒక్క మహానగరం చెన్నై. మిగతా నగరాలు అప్పటికి తప్పించుకున్నాయి. కేబుల్ వ్యవహారం రాజకీయాలతో ముడిపడిన ఊరు కూడా ఇదే. సన్ గ్రూపుకు చెందిన సుమంగళి కేబుల్ విజన్ ఆధిపత్యం మీద ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. ప్రభుత్వమే అరసు కేబుల్ అనే సంస్థ పెట్టి, 2011 తర్వాత దాన్ని గట్టిగా నడిపి, నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. సన్ డైరెక్ట్ డీటీహెచ్, సుమంగళి కేబుల్ రెండూ సన్ టీవీ నెట్‌వర్క్ అనే లిస్టెడ్ కంపెనీ లోపల లేవు, వేరే కంపెనీలు. ఇలాంటి చోట నెట్‌వర్క్ ఒక్కటే అమ్ముడైతే, ఇన్నాళ్ళూ ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఛానెలూ దాన్ని ఇంటికి చేర్చే తీగా విడిపోతాయి. అన్నదమ్ములు కలిసున్నప్పుడు పొలానికీ నీళ్ళ కాలవకీ గట్టు ఉండదు. వేరు పడ్డాక ప్రతి తడికీ లెక్క మొదలవుతుంది. కొత్త యజమాని ఛానెల్ ధర పెంచమంటాడు, తీగ యజమాని ఇవ్వనంటాడు. మధ్యలో తెర నల్లగా మారుతుంది.

ఇది ఊహ అనుకోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో కొత్త ధరల ఒప్పందాల మీద సంతకం పెట్టని పెద్ద కేబుల్ సంస్థలకు స్టార్, జీ, సోనీ సిగ్నల్ ఆపేశాయి. దేశమంతా కోట్ల ఇళ్ళలో కొన్ని రోజులు ఆ ఛానెళ్ళు రాలేదు. చివరికి సంతకాలు పెట్టింది కేబుల్ సంస్థలే. అంటే, ఎంత పెద్ద నెట్‌వర్క్ అయితే అంత మొండిగా కూర్చోగలదు. నాలుగు ఛానెళ్ళు ఉన్నవాడు సిగ్నల్ ఆపితే జనం వేరేది చూస్తారు. నలభై ఉన్నవాడు ఆపితే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్లు ఆగవు.

ధరల పద్ధతి కూడా కాస్త తెలుసుకోవాలి. టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ 2019 ఫిబ్రవరిలో అమలైనప్పుడు ప్యాక్‌లో పెట్టదలచుకున్న ఛానెల్ ధర 19 రూపాయలు దాటకూడదని గీత గీశారు. వెంటనే పెద్ద ఛానెళ్ళన్నీ సరిగ్గా 19 దగ్గర కూర్చున్నాయి. జెమినీ 19, స్టార్ మా 19, జీ తెలుగు 19. మధ్యలో ఆ పరిమితిని 12కి దించుతామని ట్రాయ్ అంటే, నెట్‌వర్క్‌లు తమ ముఖ్యమైన ఛానెళ్ళను ప్యాకుల్లోంచి తీసేసి ఇంకా ఎక్కువ ధర పెడతామన్నాయి. 2022 నవంబర్‌లో పరిమితి మళ్ళీ 19కే వచ్చింది.

ఈ 19 హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు పెద్దగా తగలదు. అక్కడి ప్రతి ప్యాకులోనూ తెలుగు ఛానెళ్ళుంటాయి, ప్యాక్ తగ్గింపులో కలిసిపోతాయి. చెన్నైలో మామూలు ప్యాక్ అంటే తమిళ ప్యాక్. "జెమినీ కావాలంటే విడిగా వేసుకోవాలక్కా" అంటాడు కేబుల్ కుర్రాడు. మూడు తెలుగు ఛానెళ్ళు విడివిడిగా తీసుకుంటే 57 రూపాయలు, జీఎస్టీ కలిపితే 67 దాటుతుంది. నెట్‌వర్క్‌లు కలిసిపోతే ప్యాకులను మళ్ళీ పేరుస్తారు. అప్పుడు ఆయా రాష్ట్రం ప్యాకులో పరాయి భాష ఛానెల్ ఉంచాలా వద్దా అన్నది లెక్కల మనిషి చూసే ప్రశ్న. చెన్నైలో తెలుగు ఛానెల్ చూసినా రేటింగు రాదని మొదట చెప్పుకున్నాం. రేటింగు తేని చోట తక్కువ ధరకు ఇవ్వాల్సిన అవసరం ఛానెల్‌కు లేదు. అలాంటప్పుడు మొదట తెగేది ఆ కొమ్మే.

వార్తల ఛానెల్ అయితే

వినోద ఛానెళ్ళలో విదేశీ పెట్టుబడి నూరు శాతం వరకు రావచ్చు. వార్తల ఛానెళ్ళలో 26 శాతం ఉండేది, 2015లో 49కి పెంచారు. ఈ ఒక్క తేడా వల్ల కొన్ని నెట్‌వర్క్‌లు అమ్మేటప్పుడు రెండు ముక్కలవుతాయి. ఏషియానెట్ వినోద ఛానెళ్ళు స్టార్‌కు వెళ్ళినా ఏషియానెట్ న్యూస్ వెళ్ళలేదు. స్టార్ తన పేరు మీద నడిచే వార్తల ఛానెల్‌ను వదులుకుంటే 2012లో అది ఏబీపీ న్యూస్ అయింది. విడిపోయిన వార్తల ఛానెల్‌కు వినోద ఛానెల్ లాభాల ఆసరా పోతుంది. తన ఖర్చు తను సంపాదించుకోలేని వార్తల ఛానెల్ ఏదో ఒక పెద్ద వ్యాపారి నీడ వెతుక్కుంటుంది. కాంట్రాక్టులు, రియల్ ఎస్టేట్, సిమెంట్ వ్యాపారాలున్నవాళ్ళు నష్టాల్లో ఉన్న వార్తల ఛానెల్ ఎందుకు కొంటారని అడిగితే తెలుగువాళ్ళలో జవాబు తెలియనివాళ్ళు తక్కువ.

తెలుగులో టీవీ9 యాజమాన్యం 2018లో అలంద మీడియా చేతికి వెళ్ళింది. ఏడాది తిరక్కుండా, 2019 మేలో, ఛానెల్‌ను మొదటి నుంచి నడిపిన రవిప్రకాష్ బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎన్‌డీటీవీలో అమ్మకం నడుస్తుండగానే, 2022 నవంబర్ 30న అక్కడి పేరున్న యాంకర్ రవీష్ కుమార్ రాజీనామా చేశారు. వినోద ఛానెల్‌లో పేరున్న ముఖం వెళ్ళిపోతే ఇంకో ముఖం వస్తుంది. వార్తల్లో ఆ ముఖమే సరుకు, అందుకే అక్కడ అమ్మకం వెంటనే తెర మీద కనిపిస్తుంది. పైన చెప్పిన క్రమానికి ఇదొక్కటే మినహాయింపు.

అమెరికా అనుభవం దీన్నే చూపిస్తుంది. 1985, 86 సంవత్సరాల్లో అక్కడి మూడు పెద్ద నెట్‌వర్క్‌లూ ఒకదాని వెంట ఒకటి చేతులు మారాయి. ఏబీసీని క్యాపిటల్ సిటీస్ 350 కోట్ల డాలర్లకు కొన్నది, ఎన్‌బీసీ ఉన్న ఆర్‌సీఏను జనరల్ ఎలక్ట్రిక్ కొన్నది, సీబీఎస్ పగ్గాలు లారెన్స్ టిష్ అనే వ్యాపారి అందుకున్నాడు. 1987లో సీబీఎస్ వార్తా విభాగంలో 200 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 1995లో టిష్ దాన్ని వెస్టింగ్‌హౌస్‌కు 540 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. వార్తలంటే ప్రతిష్ఠ కోసం పెట్టే ఖర్చు అనుకునే కాలం అక్కడితో ముగిసింది, లాభం చూపించాల్సిన విభాగం అయింది. ఆ సీబీఎస్‌ ఉన్న పారామౌంట్ 2025 ఆగస్టులో మళ్ళీ స్కైడాన్స్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. ఈసారి ప్రభుత్వ అనుమతి కోసం వార్తల మీద ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌ను పెడతామని కొత్త యజమానులు మాటివ్వాల్సి వచ్చింది. అనుమతి ఇచ్చే చేయి వార్తా గదిలోకి కూడా చాస్తుందన్నమాట.

అమ్మకం ఆగిపోతే

జీ, సోనీ విలీనం ఒప్పందం 2021 డిసెంబర్‌లో కుదిరింది. కాంపిటీషన్ కమిషన్ ఒప్పుకుంది, అందుకు బిగ్ మ్యాజిక్, జీ యాక్షన్, జీ క్లాసిక్ అమ్మేస్తామని కంపెనీలు చెప్పాయి. మూడూ హిందీవే. 2023 ఆగస్టులో కంపెనీ లా ట్రిబ్యునల్ కూడా పచ్చజెండా ఊపింది. తీరా 2024 జనవరి 22న సోనీ వెనక్కి తగ్గింది. రెండేళ్ళకు పైగా నలిగిన వ్యవహారం కోర్టు నోటీసులతో ముగిసి, ఆ ఆగస్టులో రాజీ అయింది.

ఈ రెండేళ్ళను ఎవరూ లెక్కలో వేసుకోరు. సోనీకి తెలుగులో పెద్ద వినోద ఛానెల్ లేదు, జీ తెలుగు దానికి తయారుగా దొరికే ఇల్లు. కొత్త యజమాని వస్తాడో రాడో తెలియని ఇంట్లో ఎవరూ గోడలకు సున్నం వేయించరు. పెద్ద ఖర్చులు, పొడవైన ఒప్పందాలు, కొత్త నియామకాలు అన్నీ "చూద్దాం" అన్న మాట దగ్గర ఆగుతాయి. కొత్త సీరియల్‌కు కథ ఓకే అయి కూడా కాగితం మీద సంతకం పడని నిర్మాతకు, విలీనం జరగకపోవడమూ జరిగినంత నష్టమే.

చెన్నైలో ఈ టెన్షన్ ఎక్కువగా పడేది ఎవరంటే, సాలిగ్రామం, వడపళని డబ్బింగ్ థియేటర్లలో పనిచేసే తెలుగువాళ్ళు. సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు తరలిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన రచయితలు, గొంతు ఇచ్చేవాళ్ళు, ఎడిటర్లలో కొందరికి తమిళ సీరియల్‌ను తెలుగులోకి మార్చే పనే చాలా కాలం అన్నం పెట్టింది. చెన్నై కంపెనీ తెలుగు ఛానెల్‌కు ఇక్కడే డబ్బింగ్ చేయించుకోవడం సులువు. కొత్త యజమాని ముంబైలో ఉంటే ఆ పని హైదరాబాద్‌లో చేయించినా, చెన్నైలో చేయించినా అతనికి ఒకటే, ఎక్కడ చవకైతే అక్కడికి వెళుతుంది. పైగా తమిళ సీరియల్‌ను డబ్ చేసే బదులు అదే కథను హైదరాబాద్‌లో మళ్ళీ తీస్తే రేటింగు బాగుంటుందని స్టార్ మా నిరూపించి చూపింది. కంపెనీ జీతాల పట్టీలో ఉన్నవాళ్ళకు అమ్మకం ఒప్పందంలో ఏదో ఒక రక్షణ రాసుకుంటారు. ఎపిసోడుకు ఇంతని చేతికి డబ్బు తీసుకుని బస్సెక్కే డబ్బింగ్ కళాకారుడి పేరు ఆ ఒప్పందంలో ఎక్కడా ఉండదు, ఛానెల్ రేటింగు లెక్కల్లో కొరుక్కుపేట ఇల్లు లేనట్టే.